లండను వారి ముబారక్

పదో తరగతి సోషల్ పరీక్ష రాసిన వాళ్ళకి 1919 మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలు గుర్తుండే ఉంటాయి. ద్వంద్వ ప్రభుత్వం అనగానేమి, దాని లోపాలేవి... ఖాయంగా వచ్చే ప్రశ్న. ఆ ప్రశ్నకి జవాబు బట్టీ పట్టినన్నాళ్ళూ ఆ చెమ్స్‌ఫర్డ్ ఎవరో, ఆయనకి చుట్టాలూ పక్కాలూ ఉంటారో లేదో నాకు పట్టలేదు. జలియన్‌వాలా బాగ్ జరిగినప్పుడు వైస్రాయి ఆయనే అని మాత్రం తెలుసు. అలాంటిది ఆయన తమ్ముడి కొడుకు గురించి ఎడారిలో ఉన్న అల్ ఐన్‌లో, ఒక మట్టికోటలో తెలుసుకోవాల్సి వస్తుందని అనుకోలేదు. ఈ టపా ఆ తమ్ముడి కొడుకు గురించి. పేరు విల్ఫ్రెడ్ థెసిజర్.

ముందు అల్ ఐన్ సంగతి చెప్తాను. దుబాయి అంటే అందరికీ తెలుసు, అబూధాబీ కూడా తెలుసు. అల్ ఐన్ అంటే మాత్రం మా అమ్మకి ఇప్పటికీ "ఆ ఐనో ఏదో" అనే. అబూధాబీ ఎమిరేటులోదే, ఒమన్ సరిహద్దుని ఆనుకుని ఉంటుంది. అవతలి పక్క ఊరు బురైమి. అద్దాల మేడలు లేవు, సముద్రం లేదు. ఖర్జూరపు తోటలున్నాయి, 1,200 మీటర్లకు పైగా ఎత్తున్న జెబెల్ హఫీత్ అనే బోడికొండ ఉంది. తోటలకి నీళ్ళు ఫలజ్ అనే కాలవల్లో వస్తాయి. కొండల దగ్గర భూమి లోపలి నీటిని పట్టుకుని, సొరంగంలాంటి దారిలో వాలుగా నడిపించి, ఊళ్ళోకి తెచ్చి, వంతుల ప్రకారం పంచుకునే ఏర్పాటు. మన వైపు గొలుసు చెరువులు, తూములు, నీరటి వాళ్ళు తెలిసిన వాళ్ళకి ఇది చూడగానే అర్థమైపోతుంది. 2011లో యునెస్కో ఈ తోటల్నీ, హిలి, హఫీత్‌ల దగ్గరున్న పాత సమాధుల్నీ కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మా కంపెనీ నన్ను ఇక్కడో ప్రాజెక్టు మీదకి తోలింది. క్లయింటు ఎవరో చెప్పను, ప్రాజెక్టు ఏమిటో చెప్పినా మీకు నిద్రొస్తుంది. వారాంతంలో చెయ్యడానికేమీ లేక కోటలు చూడ్డం మొదలుపెట్టాను. అల్ జాహిలీ కోట 1890లలో మొదటి షేక్ జాయెద్ కట్టించింది. తర్వాత 1950లలో బ్రిటిషు వాళ్ళు నడిపిన ట్రూషియల్ ఒమన్ పటాలాలు అందులో మకాం పెట్టాయి. 2007-08లో దాన్ని బాగుచేసి, ఒక భాగంలో థెసిజర్ ఫొటోల ప్రదర్శన పెట్టారు. ప్రదర్శన పేరులో ఆయన్ని ముబారక్ బిన్ లండన్ అన్నారు. బెదూయిన్లు ఆయనకి పెట్టుకున్న పేరు అది. బిన్ అంటే కొడుకు. మన లెక్కలో చెప్పాలంటే ఇంటిపేరు లండను వారు, పేరు ముబారక్.

లండను వారబ్బాయి పుట్టింది మాత్రం లండన్లో కాదు. 1910లో అడిస్ అబాబాలో, తాటాకు పాకలాంటి కప్పున్న బ్రిటిషు రాయబార కార్యాలయంలో. తండ్రి అక్కడ రాయబారి. ఆరేళ్ళ వయసులో, 1916లో, యుద్ధం గెలిచి తిరిగొచ్చిన ఇథియోపియా సైన్యం ఊరేగింపు చూశాడు. గుర్రాలు, ఈటెలు, సింహపు జూలు తలపాగాలు. ఆ దృశ్యం ఆయన్ని జన్మంతా వదల్లేదు. చిన్నతనంలోనే ఇండియా వచ్చి పెదనాన్న వైస్రాయి గారి వైభోగమూ చూశాడు. ఆ తర్వాత ఈటన్, ఆక్స్‌ఫర్డ్. 1930లో హెయిలె సెలాసీ పట్టాభిషేకానికి స్వయంగా ఆహ్వానం వచ్చింది, అప్పటికాయన వయసు ఇరవై! ఆ తర్వాత 1933-34లో అవాష్ నది సముద్రానికి చేరకుండా ఎక్కడ మాయమవుతోందో కనుక్కోవడానికి దనకిల్ ఎడారిలో నడిచాడు. పరాయివాణ్ణి చూస్తే చంపుతారని పేరు పడ్డ ప్రాంతం అది.

1935లో సూడాన్ పొలిటికల్ సర్వీసులో చేరాడు. మన ఐసీఎస్‌లాంటిదనుకోండి. దార్ఫూర్‌లో ఉద్యోగం, ఒంటె మీద టూర్లు. అక్కడ పశువుల మీద పడే సింహాలని డెబ్భై దాకా కాల్చాడట. రెండో ప్రపంచ యుద్ధం రాగానే సూడాన్ డిఫెన్స్ ఫోర్సులో ఆఫీసరయ్యాడు. ఇథియోపియాని ఇటలీ చేతుల్లోంచి విడిపించడానికి వింగేట్ దళంతో వెళ్ళాడు. ఈ వింగేటే తర్వాత బర్మాలో చిండిట్లని నడిపి 1944లో మన ఈశాన్యంలో విమానం కూలి చనిపోయినాయన. 1941లో అగిబర్ దగ్గర సుమారు రెండున్నర వేలమంది ఇటలీ సైనికులు లొంగిపోయేలా చేసినందుకు థెసిజర్‌కి డీఎస్‌ఓ పతకం వచ్చింది. తర్వాత సిరియా, ఉత్తర ఆఫ్రికాలో ఎస్‌ఏఎస్. ఇంత రెజ్యూమె ఉన్నవాడు యుద్ధం అయిపోయాక ఏం చెయ్యాలి? ఏ గవర్నరు గిరీకో, పెద్ద కంపెనీకో పోవాలి కదా. ఈయన మిడతల్ని వెతికే ఉద్యోగంలో చేరాడు.

నవ్వకండి. మిడతల దండు మాటేమిటో మనకీ తెలుసు. 2020లో రాజస్థాన్ మీదుగా మహారాష్ట్ర దాకా వచ్చి, ఇటు తెలంగాణ సరిహద్దు జిల్లాల్ని కూడా కంగారు పెట్టింది. ఎడారి మిడత ఒంటరిగా ఉన్నప్పుడు ఒక రంగు, ఒక తీరు. వానలు పడి పచ్చగడ్డి మొలిచి గుంపు పెరిగితే రంగూ మారుతుంది, బుద్ధీ మారుతుంది, దండై లేస్తుంది. రెండూ ఒకటే పురుగని బోరిస్ ఉవరోవ్ 1921లో చెప్పేదాకా వేరువేరు జాతులనుకున్నారు. దండు ఎక్కడ పుడుతుందో ముందే కనిపెడితే అక్కడే అణచొచ్చు. అరేబియా నడిబొడ్డునున్న పెద్ద ఎడారిలో అలాంటి చోట్లున్నాయా అని చూసి రావాలి. అదీ థెసిజర్‌కి ఇచ్చిన పని. ఆయనకి మిడతల మీద పెద్ద ఆసక్తేమీ లేదు. అక్కడికి పోనిచ్చే కాగితం మిడతల ఆఫీసు దగ్గర ఉంది, అంతే. కన్సల్టెంటు బతుకు తెలిసినవాళ్ళకి ఇందులో వింతేమీ కనపడదు. వీసా ఒకందుకు, మనసు ఇంకొకందుకు.

ఆ ఎడారి పేరు రుబ్ అల్ ఖాలీ. రుబ్ అంటే నాలుగో వంతు. ఖాలీ అంటే మనం రోజూ అనే ఖాళీయే. అరబ్బీ నించి ఉర్దూ మీదుగా మనింట్లోకొచ్చిన మాట. ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్లుంటుంది. విడిపోకముందు ఆంధ్రప్రదేశ్‌కి రెండింతలు దాటి. దీన్ని దాటిన మొదటి యూరోపియన్ థెసిజర్ కాదు. 1930-31లో బెర్ట్రమ్ థామస్, 1932లో సెయింట్ జాన్ ఫిల్బీ దాటారు. ఫిల్బీ ఒకప్పుడు మన దేశంలో ఐసీఎస్ చేసిన మనిషే. ఐతే థెసిజర్ రెండుసార్లు, రెండు వేరు దారుల్లో దాటాడు: 1946-47లో ఒకసారి, 1947-48లో మరోసారి.

మొదటిసారి వెంట వచ్చిన వాళ్ళలో చాలామంది మధ్యలో వెనక్కి తిరిగారు. చివరికి మిగిలింది నలుగురు. అందులో సాలిం బిన్ కబీనా అనే పదహారేళ్ళ కుర్రాడొకడు. రషీద్ తెగవాడు, కడు పేద. దారిలో ఉరూక్ అల్ షైబా అనే ఇసుక కొండలు, ఒక్కొక్కటి రెండొందల మీటర్ల దాకా ఎత్తు. ఒంటెల్ని చేత్తో నడిపించి ఎక్కించారు. తిండి అయిపోయింది. నీళ్ళు రోజుకి కొలిచి తాగడమే. అలాంటి రోజుల్లో ఒక కుందేలు దొరికింది. వండుకుని, చాలా రోజుల తర్వాత మాంసం ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే ఎవరో దారిన పోయే అరబ్బులు వచ్చారు. వీళ్ళు లేచి, రండి, మీకోసమే వండాం అన్నట్టుగా మొత్తం వాళ్ళకే పెట్టేశారు. థెసిజర్ లోపల మండిపోయాడట, పైకి మాత్రం ఆయన కూడా తినమని మర్యాద చేశాడు. అతిథి వస్తే ఇంట్లో ఉన్నది పెట్టి, మేం ముందే తిన్నాం అని అబద్ధం చెప్పే అమ్మమ్మలు మన ఇళ్ళలోనూ ఉన్నారు కాబట్టి, ఈ ముక్క చదివినప్పుడు నాకు ఎడారి చటుక్కున దగ్గరైపోయింది.

రెండోసారి అనుమతి లేకుండా సౌదీలోకి వచ్చాడని ఇబ్న్ సవూద్ మనుషులు సులైయిల్ దగ్గర పట్టుకున్నారు. ఫిల్బీ రాజుగారి దగ్గర మాట సాయం చేస్తే బైటపడ్డాడు. అక్కణ్ణించి తూర్పుకి నడిచి 1948 మార్చిలో అబూధాబీ చేరాడు. అప్పటి అబూధాబీ అంటే ఒక కోట, కొన్ని ఇళ్ళు, ఎక్కువగా తాటాకు గుడిసెలే. తర్వాత ఏప్రిల్లో అల్ ఐన్‌లోని మువైజి కోటకి వచ్చాడు. కోట ముందు చెట్టు కింద కొంతమంది నేల మీద కూర్చుని ఉంటే, వాళ్ళ మధ్యలో, వాళ్ళలాగే కూర్చున్న ముప్పై ఏళ్ళ మనిషి షేక్ జాయెద్. తన అన్న తరఫున 1946 నించి ఈ ప్రాంతం చూసుకుంటున్నాడు. తగాదాలు తీర్చడం, పూడిపోయిన ఫలజ్‌లు బాగు చేయించడం ఆయన పని. థెసిజర్ దాదాపు నెల్లాళ్ళు అక్కడున్నాడు, తర్వాతి సంవత్సరాల్లోనూ వచ్చి ఆయనతో డేగల వేటకి వెళ్ళాడు. ఆ జాయెదే 1966లో అబూధాబీ పాలకుడై, 1971లో ఎమిరేట్స్ మొదటి అధ్యక్షుడై, 2004లో చనిపోయేదాకా ఉన్నాడు. మువైజి కోటని 2015లో మ్యూజియం చేశారు.

1950 నాటికి పై వాళ్ళ అనుమానాలు పెరిగి థెసిజర్ అరేబియా వదలాల్సొచ్చింది. చమురు వెతికే కంపెనీల మనిషేమోనని ఒకరు, గూఢచారేమోనని ఒకరు. ఆ తర్వాత ఇరాక్ చిత్తడి నేలల్లో ఏళ్ళ తరబడి ఉన్నాడు, ఆఖరి రోజుల ముందు దాకా కెన్యాలో ఉన్నాడు. పెళ్ళి చేసుకోలేదు. ఈ ఎడారి యాత్రల మీద 'అరేబియన్ శాండ్స్' పుస్తకం 1959లో వచ్చింది. 1958లో అబూధాబీ సముద్రంలో చమురు పడింది. అంటే ఆయన పుస్తకం అచ్చులో ఉండగానే అందులోని లోకం మారడం మొదలైంది. ఆయన చచ్చీచెడీ దాటిన షైబా ఇసుక కొండల మధ్య 1998 నించి సౌదీ వాళ్ళు చమురు తోడుతున్నారు.

ఇక్కడి దాకా చెప్పింది ఎవరైనా చెప్పగలిగేదే. నాకు గుచ్చుకున్నది ఇప్పుడు చెప్తాను.

థెసిజర్‌కి కారు అంటే పడదు. ఒంటె మీద నెల్లాళ్ళు పడితేనే దారికి విలువ, కారు వస్తే బెదూయిన్ల బతుకూ, మర్యాదా, స్వేచ్ఛా అన్నీ పోతాయని ఆయన నమ్మకం. 1977లో మళ్ళీ ఈ వైపు వచ్చాడు. బిన్ కబీనాని, ఇంకో పాత నేస్తం బిన్ గబైషాని కలిశాడు. వాళ్ళిప్పుడు కార్లున్న లోకంలో ఉన్నారు. అబూధాబీ చూసి ఆయన మనసు విరిగిపోయింది. కోపంగా రాశాడు కూడా. 1990లో తన ఫొటోల ప్రదర్శనకి వచ్చినప్పుడు మాత్రం కొంచెం మెత్తబడ్డాడు, మారక తప్పదని ఒప్పుకున్నాడు. 2003లో పోయాడు. ఆయన తీసిన ముప్పై ఎనిమిది వేల నెగెటివ్‌లు ఆక్స్‌ఫర్డ్‌లో పిట్ రివర్స్ మ్యూజియంలో ఉన్నాయి.

ఈ కథంతా నేను మా డ్రైవరు మల్లన్నకి చెప్పాను. (అసలు పేరు ఇది కాదు లెండి.) జగిత్యాల దగ్గర పల్లె, పదహారేళ్ళుగా గల్ఫ్. మొదట కట్టడం పనికి వచ్చాడు. మొదటి కంపెనీ పాస్‌పోర్టు దాచుకుని రెండు నెలల జీతం ఎగ్గొట్టింది. తర్వాత డ్రైవింగు నేర్చుకుని బైటపడ్డాడు. శ్రద్ధగా విని అడిగాడు.

"గీ ఎండల ఒంటె మీద తిరిగిండా సార్? ఎవలన్న పంపిండ్రా?"

"లేదు, తనకే ఇష్టం."

"ఇష్టముండి వచ్చిండా!" అని కాసేపు బండి నడిపాడు. తర్వాత, "గా అరబ్బు పోరగాడు ఏమన్నడు సార్ మరి? ఆయనకు ఇష్టమేనా ఒంటె?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. చెప్పొద్దూ, అంత లావు పుస్తకంలో నాకు తట్టని ప్రశ్న అది. బిన్ కబీనా వైపు నించి చూస్తే ఒంటె ప్రయాణం స్వేచ్ఛ కాదు, ఇంకో దారి లేకపోవడం. థెసిజర్ ఎప్పుడు కావాలంటే అప్పుడు లండన్ వెళ్ళి తల్లి దగ్గర వెచ్చగా పడుకోగలడు. ఆ కుర్రాడు వెళ్ళలేడు. కష్టం ఎంచుకున్నవాడికి ఒకలా ఉంటుంది, పుట్టుకతో వచ్చినవాడికి ఇంకోలా ఉంటుంది. ఇక్కడ జూన్ 15 నించి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నించి మూడు వరకు బైట ఎండలో పని చేయించకూడదని రూలుంది. ఆ వేళల్లో చెట్ల కింద, గోడల నీడన వరసగా పడుకున్న మనుషుల్ని చూస్తాను. కొందరు తెలుగు మాట్లాడుకుంటుంటారు. వాళ్ళలో ఎడారిని ప్రేమించేవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో తెలీదు, అడిగే ధైర్యం నాకు లేదు.

అలా అని థెసిజర్‌ని తీసిపారెయ్యలేను. వైస్రాయి ఇంటి పిల్లవాడు, దొరతనం పుట్టుకతోనే వచ్చినవాడు, ఆ నలుగురితో సమానంగా ఆకలి పడ్డాడు, సమానంగా నీళ్ళు కొలుచుకున్నాడు. తను గొప్పవాణ్ణి కాదనీ, వాళ్ళు తనకన్నా గొప్పవాళ్ళనీ రాశాడు. దేశాలేలిన వాళ్ళలో అలా రాసిన వాళ్ళు ఎంతమంది? ఆ ఫొటోలు లేకపోతే ఈ ఊరి పిల్లలకి తమ తాతలు ఎలా ఉండేవారో చూపించేవి చాలా తక్కువ. ప్రదర్శనలో ఒక స్థానిక కుటుంబం, బురఖాలో ఉన్న ముసలావిడ, పక్కన ఫోను పట్టుకున్న మనవడు, ఒక ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డారు. ఆవిడ వేలితో ఏదో చూపించి చెప్తోంది, ఒంటె మీది జీను గురించనుకుంటా. మనవడు ఫోను జేబులో పెట్టేశాడు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా ఊళ్ళో మా ఇల్లు పడగొట్టే మాట నడుస్తోంది. కోనసీమలో, కాలవ గట్టు పక్కన మండువా ఇల్లు. తాతగారు కట్టించింది. పెంకులు కారుతున్నాయి, దూలాలు చెద పట్టాయి. తమ్ముడు స్లాబు వేసి రెండంతస్తులు కట్టుకుంటానంటున్నాడు. కాగితాల మీద నా సంతకం కావాలి. ఫోనులో నేను మండువా గురించీ, వాన పడితే మధ్యలో ధారగా కారే నీళ్ళ గురించీ మాట్లాడాను. వాడు విన్నాడు. విని, "అన్నయ్యా, నువ్వు రెండేళ్ళకోసారి సంక్రాంతికి వచ్చి పది రోజులుంటావు. వానాకాలం నాలుగు నెలలూ గిన్నెలు పెట్టుకుని ఉండేది మేం. అమ్మ రాత్రి లేచి ఆ తడి గచ్చు మీద బాత్రూముకి వెళ్ళాలి" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

విదేశాల్లో ఉన్న మనం అందరం కొద్దో గొప్పో లండను వారమే. ఊరు వదిలి వచ్చేశాం, ఏసీ గదుల్లో కూర్చున్నాం, ఊరు మాత్రం మనం వదిలిన రోజునే ఆగిపోయి ఉండాలనుకుంటాం. అరుగులు పోయాయనీ, చెరువు పూడ్చి లేఔటు వేశారనీ బాధ పడుతూ పేజీలు పేజీలు రాస్తాం. చెరువు పూడిస్తే బాధ పడాల్సిందే, అది ఊరందరి నీళ్ళు. జాయెద్ ఫలజ్‌లు పూడ్చి తారు రోడ్లు వెయ్యలేదు. రోడ్లూ వేశాడు, ఫలజ్‌లూ ఉంచాడు, కాబట్టి ఈరోజుకీ తోట ఉంది. కానీ ఆయన ఆ ఊళ్ళో ఉంటూ ఆ పని చేశాడు. ఒంటెల మీదే తిరగండని ఎవరికీ చెప్పలేదు. ఏది ఉంచాలో, ఏది వదలాలో తేల్చుకునే పని అక్కడ ఉండేవాళ్ళది. దూరాన్నున్న వాళ్ళం మన ముక్క మనం చెప్పొచ్చు, డబ్బు సాయం చెయ్యొచ్చు, ఫొటోలు తీసి దాచొచ్చు. అంతకి మించి పట్టు పడితే మాత్రం, ఎవరో తడి గచ్చు మీద నడుస్తుంటే మనం జ్ఞాపకం నెమరేసుకుంటున్నట్టు.

సంతకం పెట్టి పంపాను. కింద మూడు షరతులు రాశాను, వాడు ఒప్పుకున్నాడు. వీధి తలుపు, ద్వారబంధంతో సహా, కొత్త ఇంటికి పెట్టాలి. మండువా స్తంభాలు నాలుగూ పారెయ్యకూడదు. కూల్చే ముందు ఒక ఆదివారం ఎవరైనా కుర్రాణ్ణి పిలిచి గది గదికీ ఫొటోలు తీయించాలి, అమ్మని అందులో కూర్చోబెట్టి. మూడోది మాత్రం తమ్ముడు తనే అన్నాడు, నేను కాదు.

అల్ ఐన్ వైపు ఎప్పుడైనా వస్తే జాహిలీ కోటకి వెళ్ళండి. దుబాయి నించి గంటన్నర ప్రయాణం. సాయంత్రం పూట, ఎండ తగ్గాక. లోపల బిన్ కబీనా కుర్రతనపు ఫొటోలున్నాయి. నలుపు తెలుపులో, జుట్టు గాలికెగురుతూ. వాటి ముందు కాసేపు నిలబడి, మా మల్లన్న అడిగిన ప్రశ్న మీరు కూడా అడిగి చూడండి.